పేరు పెట్టి పిలిచిన డబ్బా

అమెరికాలోని ఫ్రిస్కోలో ఆ ఉదయం కాఫీ తాగిన వెంటనే ఆదిశేషు గరాజ్‌లో బల్ల ముందు చేరాడు. ఐస్‌క్రీమ్ డబ్బాలో చిన్న స్పీకరూ, గొంతు రికార్డు చేసే చిప్పూ, మనిషి దగ్గరికొస్తే పసిగట్టే సెన్సరూ అమర్చి, ఆఖరి తీగను సోల్డరింగ్‌తో అతికిస్తున్నాడు. రిటైరయ్యాక పట్టుకున్న సరదా అది. మొక్కలకు వాటంతట అవే నీళ్ళు పడేలా చేశాడు, పిట్టగూట్లో కెమెరా పెట్టాడు. ఈసారిది మాత్రం సరదాకి కాదు. భార్య నళినికి మతిమరుపు ముదిరింది. స్టవ్ వెలిగించి ఆ సంగతే మరిచిపోతోంది.

"నాన్నా, మళ్ళీ ఇక్కడేనా?" కూతురు చరిత తలుపు దగ్గర నిలబడింది. "కేర్ హోమ్ వాళ్ళు వెయిట్ చేస్తారు. అమ్మని రెడీ చేయాలి."

"ఆ హోమ్ చూడ్డానికి ఇవాళే వెళ్ళాలా తల్లీ? ఇది బిగిస్తే స్టవ్ దగ్గరికి వెళ్ళగానే నా గొంతు వినిపిస్తుంది."

"అమ్మ నీ ప్రాజెక్ట్ కాదు నాన్నా."

ఆదిశేషు డబ్బా తీసుకెళ్ళి స్టవ్ పైన గోడకు తగిలించాడు. కాసేపటికి నళిని వంటింట్లోకి వచ్చింది.

"నళినీ! స్టవ్ ముట్టుకోకు. నళినీ!" అని డబ్బాలోంచి ఆదిశేషు గొంతు మోగింది.

ఆవిడ చేతిలో పాలగిన్నె జారిపడింది. చెప్పులైనా లేకుండా పెరట్లోకి పరిగెత్తి, కంచెకు ఆనుకుని వణికిపోసాగింది.

"ఎవడో మగాడే చరితా! ఇంట్లో దూరి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు. మీ నాన్నని పిలు!"

చరిత తల్లిని బుజ్జగించి గదిలో పడుకోబెట్టి వచ్చి, పాలు తుడుస్తున్న తండ్రి మీద విరుచుకుపడింది. "చూశావుగా! నీ గొంతుకే హడలిపోయింది. ఇంకా ఇంట్లోనే ఉంచుదామంటావా?"

"అది నన్ను వదిలి ఒక్కపూట ఉండలేదు!"

"ఉండలేనిది నువ్వు నాన్నా!"

ఆదిశేషు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. చరిత నాలుక కరుచుకుంది. పక్కనే నేల మీద కూలబడి మెల్లగా అడిగింది, "అసలు నువ్వు అమ్మని పేరు పెట్టి ఎప్పుడు పిలిచావు?"

"మతిమరుపున్న వాళ్ళని ముందు పేరుతో పిలవమని ఇంటర్నెట్‌లో రాశారమ్మా."

"వాళ్ళకేం తెలుసు? చిన్నప్పుడు నేను అమ్మ పేరు 'ఇదిగో' అనుకున్నాను. స్కూల్లో టీచర్ మామ్ నేమ్ అడిగితే అదే చెప్పాను."

ఆదిశేషుకు నవ్వొచ్చింది. ఆ వెంటే కళ్ళు నిండాయి. ఇద్దరూ గరాజ్‌లోకి వెళ్ళారు. చరిత చిప్ పట్టుకుంటే ఆయన దగ్గరగా వంగి మళ్ళీ రికార్డు చేసి, డబ్బాను తిరిగి స్టవ్ పైన తగిలించాడు.

నళిని లేచి వచ్చి స్టవ్ మీద చెయ్యి వేయబోయింది.

"ఇదిగో... ఆ స్టవ్ జోలికి పోకు. నేను చేస్తాలే."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మొహం విచ్చుకుంది. "అబ్బో, మీరా? పోపు మాడ్చకండి మరి!"

చరిత పకపకా నవ్వింది. ఆదిశేషు పట్టలేని సంతోషంతో ముందుకు వచ్చాడు. నళిని ఆయన్ని చూసి, కొంగు సవరించుకుని, మర్యాదగా కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఇప్పుడే పిలిచారు. వచ్చేస్తారు."

"ఇదిగో..." అన్నాడు ఆదిశేషు.

నళిని చటుక్కున గోడ మీది డబ్బా వైపు తిరిగింది. "ఆఁ, ఇక్కడే ఉన్నానండీ! ఎవరో వచ్చారు, మీకోసం."

ఆదిశేషు ఆవిడ చూపించిన కుర్చీలో అతిథిలా కూర్చున్నాడు. చరిత వెనకనుంచి వచ్చి ఆయన భుజాల చుట్టూ చేతులు వేసింది. ఆమె కన్నీళ్ళు ఆయన చొక్కా మీద పడుతున్నాయి.

"అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తాను నాన్నా. ఇవాళ వద్దు."

"వద్దమ్మా, వెళ్దాం," అన్నాడు, భార్య మీది నుంచి చూపు తిప్పకుండా. "అక్కడ గోడకి మేకు కొట్టనిస్తారేమో కనుక్కో. డబ్బా మీ అమ్మ మంచం పక్కన పెడదాం."