భుజం మీద పాల మరక

ఆదివారం పొద్దున భర్త చొక్కాను బకెట్లో వేయబోయి లెక్కల టీచరు ఆగిపోయింది. ఎడమ భుజం మీద తెల్లటి మరక ఎండి అట్టకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పాల వాసన. దాంతోపాటు పసిపిల్లల పౌడరు వాసన.

కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన ఎన్నో ఏళ్ళుగా సేవాక్లబ్బులో సభ్యుడు. శనివారం మీటింగు, ఆదివారం ఉచిత కంటి పరీక్షలు. అది ఆమెకు అలవాటే. ఈమధ్య మాత్రం ఆయన బయల్దేరేముందు అద్దంలో రెండోసారి చూసుకుంటున్నాడు. వెంట పిచ్చుకను కూడా తీసుకెళ్తున్నాడు. పిచ్చుకంటే క్లబ్బు ద్వారా పరదేశం నుంచి వచ్చి, వీళ్ళింట్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి. అసలు పేరు నోరు తిరగక, ఆ సన్నటి గొంతు విని టీచరే అలా పిలవడం మొదలుపెట్టింది.

"నిన్న మీటింగులో ఏం మాట్లాడుకున్నారు?" ప్లేటు ముందు పెడుతూ అడిగింది.

"మామూలే. రక్తదానం గురించి."

పిచ్చుక తల వంచుకుని తింటోంది. ఆయన ఓరగా ఆ పిల్లవైపు చూసి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. అది టీచరు కంట పడనే పడింది.

మధ్యాహ్నం కూరగాయల కొట్టు దగ్గర క్లబ్బు కార్యదర్శి ఎదురయ్యాడు. "సార్‌కి ఒంట్లో బాగుంటోందా మేడమ్? మీటింగులకి బొత్తిగా రావడం మానేశారు. రేపు వార్షికోత్సవానికైనా పంపండి. మీ పిచ్చుక పాట కూడా ఉంది."

"షాపులో పని ఎక్కువగా ఉందండీ," అని టీచరు సంచీ తీసుకుని ఇంటిదారి పట్టింది. చిల్లర తీసుకోవడం కూడా మరిచిపోయింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే చొక్కా తెచ్చి ఎదురుగా పెట్టింది.

"ఈ పాలెవరివి?"

ఆయన చొక్కా తీసి మడత పెట్టబోయాడు.

"ఉన్న ఒక్కగానొక్క కూతురు నా మాట కాదని, నాటకాలకి లైట్లు వేసేవాణ్ణి చేసుకుని పోయింది. మూడేళ్ళుగా ఆ మంట దిగమింగుకుని బతుకుతున్నా. ఇప్పుడు మీరు కూడానా? ఎక్కడుంది ఆ ఇల్లు?"

"నువ్వనుకునేది కాదే."

"అయితే ఏది?"

"రేపు పాట అయ్యాక చెప్తాను. ఒక్కరోజు ఓపిక పట్టు."

గుమ్మంలో నిలబడ్డ పిచ్చుక వచ్చీరాని మాటల్లో, "అమ్మా, నాన్న మంచి," అంది.

"నువ్వు లోపలికెళ్ళు," అంది టీచరు. ఈ పరాయి పిల్లకు తెలిసింది తనకు తెలియకపోవడం ఆమెకు మరీ కష్టంగా ఉంది.

మర్నాడు భర్త వెంట వార్షికోత్సవానికి వెళ్ళింది గానీ, పాట కోసం కాదు. హాల్లో ఒక్కో ఆడమనిషినీ, చంకలో బిడ్డ ఉందేమోనని పరీక్షగా చూస్తూ కూర్చుంది. ఇంతలో పిచ్చుక వేదికెక్కి మైకు ముందు నిలబడింది. పక్కవాద్యాలేమీ లేకుండా ఎత్తుకుంది.

"ఒకటీ ఒకటీ పక్కనుంటే
పదకొండేనమ్మా,
నువ్వూ నేనూ పక్కనుంటే
ఒక్కరమేనమ్మా..."

టీచరు కుర్చీలో కొయ్యబారిపోయింది. అది ఏ పుస్తకంలోనూ లేదు. కూతురు నిద్రపోక సతాయిస్తుంటే తనే అల్లుకున్న జోలపాట. లోకంలో ఇంకొక్కరికే వచ్చు.

చప్పట్లు సద్దుమణిగాక పిచ్చుక తడుముకుంటూ అంది. "ఈ పాట నేర్పిన అక్క స్టేజీ మీదికి రాలేదు. అమ్మకి కోపం అని."

టీచరు భర్త వైపు తిరిగింది. "ఎక్కడుంది?"

"తెర వెనకాల. పాప పుట్టి ఐదు నెలలైంది. నీకు చెప్పాలనే ఉంది. అమ్మాయి పేరెత్తితే ఇంట్లోంచి వెళ్ళిపోతానన్నావు కదా. చూడకుండా నేనుండలేకపోయాను."

టీచరు కుర్చీలోంచి లేచింది. మనవరాలిని ఎత్తుకోవడానికి ఈ మనిషి దొంగలా వెళ్ళాడు, తన కోపానికి జడిసి. తను చేసిందల్లా ఆయన చొక్కా వాసన చూడడం.

తెర వెనక కూతురు పాపను గుండెకు అదుముకుని లేచి నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"నాన్ననేమీ అనకమ్మా. నేనే రమ్మన్నాను."

టీచరు చేతులు చాచింది. పాప మారాం చేయకుండా వచ్చేసింది.

"రాత్రిళ్ళు పడుకుంటుందా?"

"ఎక్కడమ్మా. తెల్లారేదాకా ఒకటే ఏడుపు."

"నువ్వూ అంతే," అంది పాప వీపు నిమురుతూ. కూతురు ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పాప ఇద్దరి మధ్యా ఇరుక్కుని కాళ్ళు ఆడించింది.

కాసేపటికి టీచరు తలెత్తి చూసింది. నిచ్చెన పైమెట్టు మీద అల్లుడు లైటు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"అతన్ని దిగమనవే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నేనేం కొరకను. అందరం కలిసి ఇంటికెళ్దాం."