సూటు లేకుండా నడిచిన బొమ్మ

ఒక్క మాట అడుగుతాను, గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. గదిలో దెయ్యం ఉంటే ఆడపిల్లల్ని మాత్రమే బయటికి పంపిస్తారెందుకు? మగపిల్లల్ని చూస్తే దానికి భయమా?

నవ్వకండి. మన కాలేజీ కింది అంతస్తులో, మెట్ల చివర ఉన్న ఆ గది సంగతే చెబుతున్నాను. గోడలకి చుట్టూ కెమెరాలు, నల్ల రంగు, ఒక్క కిటికీ లేదు. మెరిసే గుండీలున్న నల్లసూటు వేసుకుని అందులో నడిస్తే, కెమెరాలు ఆ గుండీల్ని పట్టుకుంటాయి. పక్క గదిలో ఉన్న తెరమీద ఒక ఎముకల బొమ్మ మనం నడిచినట్టే నడుస్తుంది. రెండు గదుల మధ్యా పెద్ద అద్దం, దానికి అడ్డంగా నల్ల పరదా.

రాత్రిపూట... సూటులో ఎవరూ లేకపోయినా ఆ బొమ్మ నడుస్తుందట!

రెండుసార్లు చూశారట మన సీనియర్ అన్నయ్యలు. ఆ దెయ్యం, సబ్మిషన్ ముందురోజు పనిచేస్తూ చేస్తూ ఆ సూటులోనే ప్రాణం వదిలిన అమ్మాయట. పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను నేను. అలా చనిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా రూలొచ్చేసింది — సాయంత్రం ఆరు దాటితే అమ్మాయిలు కింది అంతస్తులో ఉండకూడదు. మంచి కంప్యూటర్లన్నీ ఎక్కడున్నాయి? కింది అంతస్తులో.

ఇక నా రూమ్మేటుకి జరిగింది వినండి. మీకందరికీ తెలిసిన పిల్లే, మేం 'మొండి' అని పిలుస్తాం. ఆమె నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆఖరి సంవత్సరం గేమ్ ప్రాజెక్టు. పాత ఓడ అడుగున బొగ్గు మోసే ఒక ముసలమ్మ కథ. ఓడ, పొగ, మసి — అన్నీ అద్భుతంగా గీసింది. ముసలమ్మ నడక దగ్గరే తేడా కొట్టింది. యానిమేషన్ మేడమ్ చూసి పెదవి విరిచారు.

"ఇది ముసలమ్మ కాదే తల్లీ. ఇరవయ్యేళ్ళ పిల్లకి తెల్లవిగ్గు పెట్టినట్టుంది. బరువేదీ?"

మర్నాడు పొద్దున తొమ్మిదికి సబ్మిషన్. నడక కుదరకపోతే ఫెయిల్. ఫెయిలైతే ఏడాది మళ్ళీ మొదటినుంచి.

ఆరు కొట్టింది. వాచ్‌మన్ తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చాడు. "అమ్మాయిలూ, లేవండమ్మా!" అందరూ లేచారు. మొండి మాత్రం తెర ఉన్న గదిలో, టేబుల్ కింద, కంప్యూటర్ డబ్బాల వెనక ముడుచుకుని కూర్చుంది. తాళం పడింది... బయటినుంచి.

లైటు వెయ్యలేదు. వేస్తే తలుపు సందులోంచి కనిపిస్తుంది. తెర వెలుగులోనే పని. తనే సూటు వేసుకుని, రెండు గదుల మధ్య తలుపు గడియ తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళి, నడుం వంచి నడిచింది, కుంటింది, దగ్గింది కూడా! వచ్చి చూస్తే తెరమీద అదే ఇరవయ్యేళ్ళ పిల్ల, వీపు నొప్పితో. విసిగిపోయి సూటు విప్పి కొక్కేనికి తగిలించింది.

పదకొండూ నలభై.

తెరమీద బొమ్మ రెండు చేతులూ చాచి, కర్రలా నిలబడి ఉంది. ఎవరూ సూటులో లేనప్పుడు అలాగే ఉంటుంది.

ఆ చేతులు... మెల్లగా... కిందికి దిగాయి.

మొండి పక్కకి చూసింది. సూటు కొక్కేనికే ఉంది. మళ్ళీ తెర చూసింది. బొమ్మ నడుం వంగింది. తల మాత్రం మెడ విరిగినట్టు ఛాతీమీదికి వేలాడుతోంది. ఒక అడుగు... ఇంకో అడుగు. ఎడమకాలు ఈడుస్తూ... ఆగి... ఊపిరి పీల్చుకున్నట్టు భుజాలు పైకి లేచి... మళ్ళీ అడుగు.

"పారిపోవాలనిపించలేదా?" అని అడిగాను.

"అనిపించక! ఒళ్ళంతా చెమటలు. కానీ పారిపోయి ఎక్కడికే పోతాను, బయట తాళం!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అదీకాక... ఆ నడక చూడాల్సింది నువ్వు. అడుగడుక్కీ బరువుందే" అంది.

అప్పుడేం చేసిందో తెలుసా? రికార్డ్ బటన్ నొక్కింది! దెయ్యమైతే అయింది, నడక ముఖ్యం.

పరదా అవతలినుంచి చప్పుడు. సర్... సర్... సర్...

మొండి లేచింది. పరదా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తెర వెలుగు అద్దంలోంచి చీకట్లోకి పడింది.

ముఖం లేదు. చేతులు లేవు. ఒళ్ళు లేదు. గాల్లో మెరుస్తున్న పట్టీలు... నడుం దగ్గర రెండు, భుజాలకి రెండు, మోకాళ్ళ కింద రెండు... అద్దం వైపే కదులుతూ...

కెవ్వుమని కేక!

మొండి కాదు. అరిచింది ఆ పట్టీలే.

"అమ్మో! దెయ్యం!"

మొండి తడుముకుని అవతలి గది లైటు స్విచ్ వేసింది. కారిడార్ తలుపుకి అతుక్కుపోయి, చీపురు గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది — మన స్వీపరమ్మ. ఒంటిమీద రోడ్డు పనివాళ్ళు వేసుకునే దుస్తులు, చీకట్లో వెలుగు పడితే మెరిసే పట్టీలవి. రాత్రి మన కాలేజీ ఊడుస్తుంది, నాలుగింటికి రోడ్డు ఊడుస్తుంది. రెండింటికీ ఒకటే జత. కెమెరాలు ఆపితే మళ్ళీ సరిచెయ్యడానికి అరగంట పడుతుందని మనమెవ్వరం వాటిని ఆపం కదా, అవి ఆ పట్టీల్నే గుండీలనుకున్నాయి. తలమీద పట్టీ లేదు కాబట్టి తల వేలాడింది. అంతే దెయ్యం!

"చీకట్లో ఊడుస్తున్నావేంటి పెద్దమ్మా?" అంది మొండి.

"లైటు మీట మీ గదిలో ఉందమ్మా. దానికి తాళం, మధ్య తలుపుకి అటునుంచి గడియ. నాకిచ్చింది ఈ గది తాళంచెవి ఒక్కటే. ఈ గదిలో దెయ్యముందని నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నా. ఆ గుడ్డ వెనక మగగొంతులు కేకలేసుకుంటూ పరిగెత్తాయి... రెండుసార్లు విన్నాను!"

మొండి నేలమీద కూలబడి నవ్విందట. ఆ మగగొంతులెవరివో మీకు తెలుసు. పరదా పక్కకి లాగే ధైర్యం లేక పరిగెత్తిన ఆ వీరులే మనకి రూలు తెచ్చిపెట్టారు.

తర్వాత విషయమంతా చెప్పి, సూటు వేసుకుని ఒకసారి నడవమని అడిగింది.

"ఈ బిగుతు బట్టలా! మా మనవరాలు చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతుందే."

అయినా వేసుకుంది. నీళ్ళ బకెట్ పట్టుకుని పది నిమిషాలు నడిచింది. వచ్చి తెరమీద తన నడక చూసుకుని, బొమ్మ ఎడమకాలి మీద వేలు పెట్టిందట.

"ఎడమకాలు ఇంతగా ఈడుస్తున్నానా నేను... నొప్పంటే మా సూపర్‌వైజర్ నాటకాలంటాడు. ఇది అతనికి చూపించొచ్చా అమ్మా?"

తొమ్మిదికి పది నిమిషాలుండగా ప్రాజెక్టు చేరింది. తెరమీద బొగ్గు మోసే ముసలమ్మ నడుస్తుంటే మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చివర్లో పేర్లొచ్చాయి. అన్నిటికంటే పైన, 'నడక' అన్న మాట ఎదురుగా, స్వీపరమ్మ పేరు.

అప్పుడే విభాగం పెద్దాయన ఫైలు సమయం చూశారు.

"రాత్రి పన్నెండున్నర! నువ్వక్కడెందుకున్నావ్?"

మొండి ఒక్క అక్షరం దాచకుండా చెప్పింది. "దెయ్యం లేదని తేలిందిగా సార్, ఇంక ఆ రూలెందుకు?" అని కూడా అడిగింది.

"దెయ్యం సంగతి వేరు. రూలు రూలే. క్షమాపణ రాసివ్వు. ఆ పనామె పేరు తీసెయ్. లేకపోతే ఈ ప్రాజెక్టు లెక్కలోకి రాదు." తెల్లకాగితం ముందుకు తోశారు.

మొండి దాన్ని ఖాళీగానే తిరిగిచ్చింది.

"రాద్దామంటే తప్పు దొరకట్లేదు సార్."

శుక్రవారం తేలుస్తారట. ఆమె ఏడాది ఉంటుందో పోతుందో పెద్దాయన గదిలో కూర్చునే నలుగురు తేలుస్తారు. లైటు మీట ఉన్న గది తాళంచెవి ఇప్పటికీ స్వీపరమ్మకి ఇవ్వలేదు. నిన్న రాత్రి కూడా ఆమె చీకట్లోనే ఊడ్చింది.

అందుకే అడుగుతున్నాను. ఈ సాయంత్రం ఆరింటికి "అమ్మాయిలూ, లేవండమ్మా" అన్న కేక వినిపించినప్పుడు ఒక్కరూ లేవకండి. అబ్బాయిలూ, మీరు కూడా మా పక్కనే కూర్చోండి. ఎవరొచ్చి ఎందుకని అడిగినా చెప్పండి — ఆరింటి రూలు తీసెయ్యండి, మొండి ప్రాజెక్టు లెక్కలోకి తీసుకోండి, పెద్దమ్మ పేరు ఉంచండి, ఆ తాళంచెవి ఆమె చేతికివ్వండి, అప్పుడు లేస్తాం అని.