అత్తమ్మ మళ్లీ తిట్టిన రోజు

అంబికకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే… అత్తగారు ఇక తనను ఎప్పటికీ తిట్టదేమోనని.

వింటే నవ్వొస్తుంది. చిక్కడపల్లి సందులోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆ పిల్ల, అత్తగారి నోటికి జడిసి స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చేది. హనుమమ్మ నోరు అలాంటిది మరి. తల తడిగా ఉండగా బయటికి వెళ్తే తిట్లు, కంచంలో అన్నం వదిలేస్తే తిట్లు. మేడ మీది గదిలో కిరాయికి ఉండి అశోక్ నగర్ కోచింగులకు వెళ్లే ఆడపిల్లలకూ అవే తిట్లు. కానీ ఆ తిట్ల చివర ఎప్పుడూ ఒక గిన్నెలో ఇంత వేడి అన్నం ఉండేది. అది అర్థం కావడానికి అంబికకు చాలా కాలం పట్టింది. తీరా అర్థమయ్యాక, ఆ నోరు మూతపడింది…

మామగారు దాసయ్య మేస్త్రీ. పాలమూరు నుంచి వచ్చి, ఊరందరికీ ఇళ్లు కట్టి, చివరికి తనకోసం ఈ ఇల్లు కట్టుకున్న మనిషి. మొన్న ఎండాకాలంలో, మామిడికాయ తొక్కు పచ్చడి పెట్టిన వారం తిరక్కముందే నిద్రలోనే పోయాడు. ఆనాటి నుంచి హనుమమ్మ మాట్లాడలేదు. ఏడవనూ లేదు. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. "జర టైం ఇయ్యి, అమ్మ అదే సర్దుకుంటది" అనేవాడు భర్త జైపాల్. కానీ పొద్దంతా ఆమెకు ఎదురుగా ఉండేది అంబిక. రెండేళ్ల శ్రీలక్ష్మి ఒళ్లోకెక్కి "అవ్వా" అని గడ్డం పట్టుకుని ఊపినా ఆ చూపు గోడ మీది నుంచి కదిలేది కాదు. ఒకరోజు అంబిక కావాలనే పాలు పొంగించింది. పొయ్యంతా మాడువాసన. హనుమమ్మ చూసింది, ఊరుకుంది… మాడిన గిన్నె తోముతుంటే అంబికకు మొదటిసారి భయమేసింది.

అలాంటి రోజుల్లో వచ్చింది సింధూర. ఒకప్పుడు మేడ మీది గదిలో ఉండి గ్రూప్స్ కోచింగు తీసుకున్న పిల్ల. ఇప్పుడు సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టరు.

"అక్కా, ఇంటర్ పిల్లల సినిమా తీస్తున్నం. ఫుల్ కామెడీ. నలుగురు పోరగాళ్లు రూము కిరాయికి తీసుకుంటే ఇంటి ఓనరవ్వ రోజూ తిడుతది. మస్తుమందిని టెస్ట్ చేసినం. అందరూ కోపంగ తిడుతున్నరు. మా డైరెక్టర్ సుధీంద్ర సార్‌కు చెప్పిన, మా అవ్వ తిడితే కోపం రాదు సార్, ఆకలైతది అని."

అంబిక ఆమెను తలుపు చాటుకు లాగి చిన్నగా చెప్పింది. "అత్తమ్మ ఇప్పుడు తిడుతలేదు సింధూరా."

సింధూర నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

అయినా ఏదో ఆశ. అంబిక అత్తగారికి కొత్త చీర కట్టి నారాయణగూడలోని వాళ్ల ఆఫీసుకు తీసుకెళ్లింది. మెట్ల నిండా టెస్టుకొచ్చిన కాలేజీ పిల్లలు. గోడ వైపు తిరిగి డైలాగులు వల్లెవేసుకుంటున్నారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. ఎంతమంది పిల్లలో, ఎన్ని కలలో… లోపల హనుమమ్మ కెమెరా ముందు కూర్చుంది. సుధీంద్ర తొందరపెట్టలేదు. చాలాసేపు ఎదురుచూసి, తనే లేచి ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు. "పెద్దమ్మను ఇబ్బంది పెట్టొద్దు" అన్నాడు. ఆ వేషం నాటకాల్లో పండిపోయిన రాజకుమారి గారికి వెళ్లింది. కానీ షూటింగుకు మాత్రం హనుమమ్మ ఇల్లే వాళ్లకు నచ్చింది.

ఇక చూడండి అంబిక బాధ. తన ఇంటి మేడ మీద, తన అత్తగారి పీట మీద కూర్చుని ఇంకొకామె తిడుతుంటే, అసలు మనిషి మెట్ల మీద మూగగా కూర్చుని చూడాలి. ఇది చూశాక ఆమె ఇంకా లోపలికి ముడుచుకుపోతే? ఎందుకు ఒప్పుకున్నానా అని అంబిక పిల్లను చంకనేసుకుని నలిగిపోయింది.

ఆ రోజు తీసేది తొక్కు దొంగతనం సీను. శశాంక్ అనే కుర్రాడు జాడీలో చేయి పెట్టి దొరికిపోతాడు. సినిమావాళ్లు తెచ్చిన జాడీలో ఉన్నది ఎర్రరంగు కలిపిన గుజ్జు. సుధీంద్ర పెదవి విరిచాడు. "నిజం తొక్కు కావాలె. నూనె తేలాలె."

సింధూర అంబిక వైపు చూసింది. వంటింట్లో పై అరలో, గుడ్డ కట్టి ఉన్న జాడీ ఒక్కటే ఉంది. మామగారు పోయాక ఎవరూ విప్పని జాడీ. "ఇయ్యనా అత్తమ్మా?" అని అడిగింది. జవాబు లేదు. ఎప్పుడూ లేదుగా… ఆ మౌనాన్నే సరేననుకుని తెచ్చి ఇచ్చేసింది.

మొదటి టేకు బాగానే జరిగింది. కానీ సినిమాలో ఒక పద్ధతి ఉంది. మళ్లీ తీయాలంటే అంతా మొదటిలాగే ఉండాలి. శశాంక్ వేళ్లకు కారం అంటింది కాబట్టి, సుధీంద్ర చెప్పడంతో ఒకతను చెంబుతో నీళ్లు పోసి శుభ్రంగా కడిగించాడు. తుడవలేదు. రంగు గుజ్జుకు అలవాటుపడిన వాళ్లకు తొక్కు సంగతి ఏం తెలుసు? "యాక్షన్" అన్నారు. నీళ్లోడుతున్న ఆ చెయ్యి జాడీలోకి దిగిపోయింది.

"ఏయ్… తడి చెయ్యి."

ఎవరి గొంతో అర్థం కావడానికి క్షణం పట్టింది. హనుమమ్మ మెట్ల మీద నిలబడి ఉంది.

"తడి చెయ్యి పెడుతవారా జాడీల? బూజు పడితే ఎవడు తింటడు, మీ తాతనా? మీ అవ్వ నేర్పలేదా నీకు?"

"డైరెక్టర్ సారే కడుక్కోమన్నడు అవ్వా" అన్నాడు శశాంక్ చెయ్యి వెనక్కి దాచుకుంటూ.

"ఎవడాడు? తొక్కుకు తడి తగిలించే మొగోడు ఎవడు, ఇటు రమ్మను."

సుధీంద్ర చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "నేనే అమ్మా."

"చదువుకున్నవా?"

"చదువుకున్న."

"ఏం లాభం."

రాజకుమారి గారు చడీచప్పుడు లేకుండా పీట మీది నుంచి లేచి పక్కకు తప్పుకున్నారు. సుధీంద్ర కనుసైగతో కెమెరా ఆవిడ మీది నుంచి హనుమమ్మ మీదికి తిరిగింది. హనుమమ్మ చూపు మాత్రం అంబికను వెతికి పట్టుకుంది.

"నువ్వేనా ఇచ్చింది? నీకు బుద్ధి లేదానే? మీ మామ ముషీరాబాద్ మార్కెట్ పోయి ఒక్కొక్క కాయ ఒత్తి చూసి తెచ్చిండు. నన్ను ముట్టనియ్యకుండ ఆయనే ముక్కలు కొట్టిండు… వాటికి ఆయన చెయ్యి తగిలిందే. అయిపోతే మళ్ల ఏడికెళ్లి తేవాలె నేను?"

ఇన్ని నెలలుగా రాని ఏడుపు… ఒక్కసారిగా వచ్చింది. సుధీంద్ర గబుక్కున తన అరచేయి లెన్సుకు అడ్డం పెట్టాడు. "ఇది సినిమాకు కాదు, ఆపండి" అన్నాడు మెల్లగా.

అంబిక వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పయింది అత్తమ్మా… తిట్టు. ఇంకా తిట్టు."

"తిట్టకుంట ముద్దు పెట్టుకుంటనా?" అంది హనుమమ్మ, కోడలి తల కడుపుకు అదుముకుంటూ.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని జాడీలోకి తొంగిచూసింది. "తడి తగిలినంక ఇగ నిలువది. ఇయ్యాలే తినెయ్యాలె. అన్నం వండు పో. అందరికీ." ఒక పెద్ద పళ్లెంలో తొక్కు కలిపి, శశాంక్ మొదలు లైట్లు మోసే మనిషి వరకు అందరికీ తన చేత్తోనే ముద్దలు పెట్టింది. శ్రీలక్ష్మి నోటికి మాత్రం నూనె అంటిన మెతుకు రుచి చూపించింది. "మీ తాత" అంది. అంతే.

రాజకుమారి గారు చేయి కడుక్కుంటూ సుధీంద్రతో అన్నారు. "ఈ వేషం నాది కాదు బాబూ. ఇంతకాలం నటించాను, తిట్టడం అంటే ఏంటో ఈరోజు చూశాను." ఆ పెద్దమనసుకు సుధీంద్ర తలవంచాడు. రాత్రికి రాత్రే కథలో పక్కింటి ముసలమ్మను పుట్టించాడు. మర్నాటి నుంచి గోడకు ఇటు ఓనరవ్వగా హనుమమ్మ, అటు పక్కింటి ముసలమ్మగా రాజకుమారి గారు… ఆ ఇద్దరి వాదులాట చూసి పిల్లలు డైలాగులు మరిచిపోయి నవ్వారు.

ఖాళీ జాడీని అంబిక కడిగి, గోడ పక్కన బోర్లించింది. వెనక నుంచి కేక వినిపించింది. "నీడల పెట్టినవేందే? కండ్లు లేవా?"

అంబిక జాడీని ఎండలోకి జరిపింది. కళ్లు తుడుచుకోవడానికి కొంగు చాలలేదు…

ఇది చదువుతున్న అక్కా, చెల్లీ… మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, రోజూ గొంతు వినిపించే మనిషి ఈమధ్య వినిపించకుండా పోయిందేమో గుర్తు చేసుకోండి. పొయ్యి కట్టేసి, ఒక్కసారి వెళ్లి చూసి రండి.