అరటిపండు ఆట

2074 విశాఖ మహా టెన్నిస్ టోర్నీ మొదటిరోజునే చిలీ అమ్మాయి కామీలా, సెట్ పాయింటు దగ్గర వరసగా రెండు సర్వీసులు నెట్‌కి కొట్టి, సెట్టు పోగొట్టుకుని, పకపకా నవ్వి, "అరటిపండు!" అంది. అచ్చ తెలుగులో అంది. చెవుల్లో అనువాదినులు పెట్టుకున్న జనం అవి పాడయ్యాయేమోనని తీసి దులుపుకున్నారు. సాయంత్రం లోపల ఒక పోలండ్ కుర్రాడు, ఒక కెన్యా అమ్మాయి కూడా అదే మాట అని, ఓడిపోయి, చుట్టాలింటికి వచ్చి వెళ్తున్నంత హాయిగా చెయ్యి ఊపుతూ వెళ్లిపోయారు. కన్నీళ్లూ పంతాలూ చూద్దామని వచ్చిన జనానికి ఒళ్లు మండిపోయింది.

గ్యాలరీలో కూర్చున్న పాతతరం క్రీడాకారిణి లాస్య మాత్రం లేచి నిలబడింది. ఆ మాట ఆమెది.

ఒకప్పుడు, పచ్చిక కోర్టుల మీద ఆడే ఈ మహా టోర్నీకి ముందు భీమిలిలో, యానాంలో, కాకినాడలో సన్నాహక టోర్నీలు జరిగేవి. పచ్చిక మీద బంతి ఎగరదు, పాకుతుంది. మోకాళ్లు వంచడం, అడుగు చిన్నది చెయ్యడం ఒంటికి ఒక్కరోజులో పట్టుబడే విద్య కాదు. మట్టి కోర్టుల నుంచి వచ్చినవాళ్లు అక్కడ జారేవాళ్లు, పడేవాళ్లు, లేచి నేర్చుకునేవాళ్లు. పొద్దున్నే తడి గడ్డి వాసన, విరామంలో ఉప్పేసిన మజ్జిగ, ఊళ్లోవాళ్లు సొంత పిల్లల్ని కేకేసినట్టు కేకలు వెయ్యడం! ఆ వారాల్ని తలుచుకుంటే లాస్యకి ఇప్పటికీ కళ్లు చెమర్చేవి.

తర్వాత సన్నాహిని వచ్చింది. చూడ్డానికి పళ్ల డాక్టరు కుర్చీలా ఉంటుంది. పచ్చిక మీద ఏళ్ల తరబడి ఆడిన ఒక మనిషి జ్ఞాపకాల నుంచి తీసిన స్మృతి అచ్చుని, కూర్చున్నవాళ్ల న్యూరాన్లలోకి ఒక్క మధ్యాహ్నంలో దించుతుంది. లేచేసరికి ఎన్నడూ గడ్డి తొక్కని మోకాళ్లకి గడ్డి తెలిసిపోతుంది. ఇక వారాలు ఖర్చుపెట్టి కాకినాడ వచ్చేదెవరు? టోర్నీలన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. అచ్చు ఇచ్చింది లాస్యే. ఆమె మహా టోర్నీ ఎప్పుడూ గెలవలేదు కానీ, ఆ కోర్టుల్ని ఆమెలా గుర్తుపెట్టుకున్నవాళ్లు లేరు. పోయే కోర్టులు కనీసం ఎవరో ఒకరి తలలో బతుకుతాయని సంతోషంగా ఇచ్చింది.

మర్నాడు ఉదయమే సన్నాహినిని తయారుచేసిన డాక్టర్ ప్రద్యుమ్న ఆమె ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి మేడమ్ ఈ అరటిపండు గొడవ?"

"చిన్నప్పుడు వీధిలో ఆడుకోలేదా బాబూ నువ్వు? బుడ్డోళ్లు ఏడుస్తుంటే ఆటలో కలుపుకునేవాళ్లం. ఔటైనా ఔటు కాదు. ఆటలో అరటిపండు అనేవాళ్లం."

"అది టెన్నిస్‌లోకి ఎలా వచ్చింది?"

లాస్య మొహం వెలిగింది, కథ చెప్పడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల కిందట కాకినాడ సెమీఫైనల్లో స్నేహితురాలు జరీనా చేతిలో ఓడిపోయింది. జరీనా సంచిలోంచి అరటిపండు తీసి ఒలిచి, సగం ఇచ్చి, 'పోనీవే, ఇది అరటిపండు ఆటే, అసలాట ముందుంది' అంది. ఇద్దరూ గట్టుమీద కూర్చుని తింటూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

"నా బతుకులో అంత తేలిగ్గా ఎప్పుడూ లేను," అంది.

"అదే కొంప ముంచింది. ఏటా కొంచెం కొంచెం పేరుకుని, ఈ ఏడు మీ షాట్లతో పాటు ఆ తేలిక కూడా దిగిపోయింది వాళ్లలోకి. అది తీసేయకపోతే యంత్రాన్నే ఆపేస్తామంటోంది టెన్నిస్ సమాఖ్య."

"తీసెయ్యి మరి."

ప్రద్యుమ్న నసిగాడు. "అచ్చు సజీవమైంది మేడమ్. ఏటా మీ మెదడుతో సరిచూసుకోకపోతే వాడిపోతుంది. ఆ జ్ఞాపకం మీలో ఉన్నంతకాలం అందులో మళ్లీ మొలుస్తుంది. మీలోంచీ తియ్యాలి. ఒక్క మధ్యాహ్నమేగా."

"నీకది ఒక్క మధ్యాహ్నమే!" అంది లాస్య.

ఎక్కడినుంచి ఎక్కడిదాకా తియ్యాలో సరిగ్గా తెలియాలని అతను పాత వీడియో వెతికి తెచ్చాడు. గోడమీద కాకినాడ మెరిసింది. అవే తాటిచెట్లు, అదే గడ్డి. ఆఖరి పాయింటు పోయింది. ఇరవై రెండేళ్ల లాస్య రాకెట్టు నేలకేసి కొట్టింది. కరచాలనం చెయ్యలేదు. జరీనా ఏదో అంటూ సగం పండు అందించబోతే, తోసేసింది. పండు మట్టిలో పడింది. లాస్య ఏడుస్తూ వెళ్లిపోయింది.

లాస్య వీడియోని మళ్లీ మొదటినుంచి పెట్టించుకుని చూసింది.

"యంత్రం జరిగినదాని అచ్చు తియ్యదు మేడమ్, గుర్తున్నదాని అచ్చు తీస్తుంది," అన్నాడు ప్రద్యుమ్న మెల్లగా. తర్వాత అతని మొహం తేటపడింది. "అబద్ధమే కాబట్టి, తీసేస్తే మీకూ నష్టం లేదు."

లాస్య కాకినాడలోని జరీనాకి కాల్ కలిపింది.

"జరీనా, ఆ రోజు మనం అరటిపండు తిన్నామా?"

"తిన్నాంగా, సగం సగం."

"వీడియో చూశానే. తోసేశాను."

"వీడియో ఎందుకే, నాకు గుర్తే. పండు మట్టిపాలైంది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నా పెళ్లికొచ్చి అందరి ముందూ నువ్వే మొదలెట్టావు, పండు తిని నవ్వుకున్నామని. మన్నించమని అడగడం నీకు చేతకాదు, నాకు తెలుసుగా. అడిగినట్టే అనుకున్నాను. తర్వాత చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైపోయింది."

లాస్య కళ్లు తుడుచుకుంది. "తియ్యనివ్వను బాబూ," అంది ప్రద్యుమ్నతో. "అది ఆరోజు జరిగింది కాదు, నిజమే. మేమిద్దరం కలిసి నలభై ఏళ్లు చేసుకున్నది."

సన్నాహిని ఆగిపోయింది. గత్యంతరం లేక మరుసటేడు సన్నాహక టోర్నీలు మళ్లీ మొదలయ్యాయి. కాకినాడలో కొత్తగా గడ్డి వేశారు. మొదటి మ్యాచ్ చూడ్డానికి ఇద్దరు ముసలమ్మలూ గట్టుమీద కూర్చున్నారు. యంత్రం ఎరగని ఒక కొత్త పిల్ల ఓడిపోయి, రాకెట్టు విరగ్గొట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"చూశావా, ఎంత పౌరుషమో!" అంది లాస్య నొచ్చుకుంటూ.

"ఉండవే. ముసలిదయ్యాక, నవ్వానని చెబుతుంది."

జరీనా సంచిలోంచి అరటిపండు తీసి, ఒలిచి, సగం అందించింది. లాస్య తీసుకుంది. ఎప్పుడో తిన్నామని చెప్పుకుంటూ వచ్చిన ఆ పండుని ఇద్దరూ మొట్టమొదటిసారి తిన్నారు.