మిగిల్చిన ఆదివారాలు

ధనలక్ష్మి పొద్దున్నే లేచి టీ పెట్టింది. కొత్త టీ పొడి, గిన్నె నిండా చిక్కటి పాలు. తొమ్మిదేళ్లుగా నిన్నటి పొడిలోనే ఇంకో చెంచా వేసి మరిగించిన చేయి కదా, కొత్త ప్యాకెట్టు కత్తిరించి పోస్తుంటే ప్రాణం ఒప్పలేదు. పోనీలే, బిడ్డ ఇంటికొచ్చింది, ఈ రోజు కూడా పీనాసితనమేనా అని తనను తానే తిట్టుకుంది.

ఇల్లంటే ఇల్లే. హిందూపురంలో, ముందు హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న రేకుల గది. స్థలాన్ని బ్యాంకులో కుదువ పెట్టి, ఇరవై ఏళ్ల లోను తీసుకుని కట్టుకున్నారు ధనలక్ష్మి, గోపాల్. కట్టుకున్నారన్న మాటే గానీ అందులో కాపురం ఉంటే ఒట్టు! పాలు పొంగించిన నెలకే ముందు భాగం బాడుగకిచ్చి, మొగుడూ పెళ్లామూ రేకుల గదిలోకి చేరిపోయారు. గోపాల్ పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే బస్సు డ్రైవరు. ధనలక్ష్మి గార్మెంట్స్ కంపెనీలో కుట్టుమిషను మీద పని. ఇద్దరి జీతాల్లో ఒకటి అచ్చంగా లోనుకే పోయేది.

ఆమె పొదుపు గురించి వీధిలో కథలు చెప్పుకునేవారు. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించేది. కంపెనీకి ఆటో ఎక్కింది లేదు. ఏ పెళ్లికి పోయినా అదే మెరూన్ రంగు పట్టుచీర. చుట్టాల ఇళ్లలో ఆల్బములు తిరగేస్తే పెళ్లిళ్లన్నీ ఒకే రోజు జరిగాయా అనిపించేది.

అన్నిటికంటే పెద్ద విద్య డబ్బాది. మనసు పడి మానుకున్న ప్రతిదాని డబ్బూ అప్పటికప్పుడు ఒక డబ్బాలో వేసేది. కంపెనీ గేటు దగ్గర మల్లెపూలు వద్దనుకుంటే ఇరవై రూపాయలు, హోటలు దోసె వద్దనుకుంటే నలభై. ఊరికే మానుకుంటే ఆ డబ్బు ఎటో పోతుంది, చేత్తో తీసి వేస్తేనే మిగిలినట్టు అని ఆమె నమ్మకం. ఏడాదికోసారి డబ్బా బోర్లించి, బోనసు కలిపి బ్యాంకులో అసలు కింద కట్టేవారు. అట్లా అట్లా ఇరవై ఏళ్ల లోను తొమ్మిదేళ్లకే తీరిపోయింది. మొన్న శుక్రవారం బ్యాంకువాళ్లు ఇంటి కాగితాలు చేతిలో పెడితే గోపాల్ మెట్ల మీదే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

ఈ తొమ్మిదేళ్లూ కూతురు ప్రశాంతి మాత్రం గుడిబండలో అవ్వ, అంటే ధనలక్ష్మి తల్లి కదిరమ్మ దగ్గర పెరిగింది. నాలుగో తరగతిలో పంపించారు. ఒక్క రేకుల గది, పొద్దున పోతే చీకటికి గానీ ఇద్దరూ రారు, పిల్లను ఎవరు చూస్తారు? రెండేళ్లే అనుకున్నారు. ఆ రెండేళ్లు ఎప్పుడు దాటిపోయాయో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు పిల్ల ఇంటర్ అయిపోయింది. బాడుగవాళ్లు ఖాళీ చేశారు. ధనలక్ష్మి ఒక గదికి లేత ఆకుపచ్చ సున్నం వేయించి, కొత్త మంచం కొని, కూతురిని పిలిపించుకుంది. ఊళ్లోనే డిగ్రీలో చేరి ఇక తన కళ్ల ముందే ఉంటుందని ఆశ.

వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజుల్లో ధనలక్ష్మికి ఏదో తెలియని దిగులు పట్టుకుంది.

"అమ్మా, స్నానం చేయొచ్చా?" అని అడుగుతుంది. "ఫ్యాను వేసుకోవచ్చా?" అంటుంది. అన్నం పెడితే తిని, తన కంచం తానే కడిగి బోర్లిస్తుంది. కొత్త మంచం మీద దుప్పటి ముడత పడకుండా ఒక అంచున పడుకుంటుంది. బ్యాగులోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకోలేదు. ఏ రోజుకు ఆ రోజు జత తీసి, మళ్లీ జిప్పు లాగేస్తుంది. చుట్టమింటికి వచ్చిన పిల్ల కూడా ఇంతకంటే చనువుగా ఉంటుంది కదా తల్లీ, అని ఆ తల్లి లోలోపలే కుమిలిపోయింది.

టీ గ్లాసు అందిస్తూ, "సక్కెర చాలిందా పాపా?" అంది.

"నేను టీ తాగను మా. ఫర్వాలేదులే, ఈ పొద్దు తాగుతా," అంది ప్రశాంతి.

టీ తాగదన్న సంగతి కూడా ధనలక్ష్మికి తెలియదు. 

అప్పుడే పక్కింటి సరోజమ్మ వచ్చింది. ఆమె కొడుకు ఇంటి లోనుకు అర్జీ పెట్టుకున్నాడు. "ఏమ్మే ధనలక్ష్మీ, వీధంతా నీ మాటే. ఇరవై ఏండ్ల అప్పు తొమ్మిదేండ్లకు తీరిస్తివంట! ఆ కిటుకేందో మాకూ చెప్పు తల్లీ," అంటూ హాలులో చతికిలపడింది.

పొగడ్త అంటే ఎవరికి చేదు? మూడు రోజుల దిగులు మరిచిపోయి ధనలక్ష్మి మొహం విచ్చుకుంది. డబ్బా తెచ్చి చూపించింది. పూలు చెప్పింది, దోసె చెప్పింది, ఆటో చెప్పింది.

"చిల్లర దుడ్లతో ఇంత పెద్ద అప్పు తీరుతాదా?" అని సరోజమ్మ నమ్మలేదు.

"పెద్దవీ ఉండాయి సరోజమ్మక్కా! గుడిబండకు పోను రాను బస్సుకు నూట అరవై. ఊరికే చేతులూపుకుంటా పోలేం కదా, పండ్లు, బిస్కెట్లు, అంతా కలిపి మూడు నూర్లు. మొదట్లో ప్రతి ఆదివారం పోతాంటి. తర్వాత ఒక వారం మానుకొని, ఆ మూడు నూర్లు డబ్బాలో వేస్తి. ఏమీ కాలే. ఇంకోటి మానుకుంటి. కడాకు నెలకొకసారి చేస్తి. ఒక్కో ఏడు పండక్కి తప్ప పోలేదనుకో. డబ్బాలో పెద్ద నోట్లన్నీ ఆ ఆదివారాలవే!"

గలగలా చెప్పేసి నవ్వుతూ తల తిప్పింది. గది గుమ్మంలో ప్రశాంతి నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉంది.

సరోజమ్మ లోకం చూసిన మనిషి. "పొయ్యి మీద పప్పు పెట్టి వస్తి," అంటూ లేచి వెళ్లిపోయింది.

"ఓవర్‌టైము అన్యావే," అంది ప్రశాంతి.

"ఏం పాపా?"

"ఆదివారం ఎందుకు రాలేదు మా అని ఫోన్ చేస్తే, ఓవర్‌టైము ఉండాది, సూపర్‌వైజరు వదల్లేదు అంటాంటివి. ఆ సూపర్‌వైజరును ఎంత తిట్టుకున్యానో నీకు తెలుసా? ఆయప్పకు జ్వరం రావాలని కూడా మొక్కుకుంటి." ఆ పిల్ల గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండునని ధనలక్ష్మికి అనిపించింది. "ఓవర్‌టైమే లేదు. ఆ పొద్దు నువ్వు ఇంట్లోనే ఉంటివి."

"నీ కోసమే కదే ఇదంతా! అప్పు తీరకపోతే ఈ ఇల్లు మనకు దక్కేదా? ఈ గది ఎవరికి? నేను పూలు పెట్టుకున్యానా? మీ నాయన ఒక మంచి చొక్కా తొడుక్కున్యాడా? అందరమూ కడుపు కట్టుకోలేదా?"

"మీరిద్దరూ కట్టుకున్యారు మా. ఒక్క గదిలో ఇద్దరూ ఉండి కట్టుకున్యారు. నేనూ ఆ రేకుల గదిలోనే ఒక మూలన పడుంటాంటి కదా? కింద పడుకోనంటినా? పాలు కావాలంటినా? నన్నెందుకు ఖర్చుల్లో వేస్తిరి?"

ధనలక్ష్మి చూపు డబ్బా మీద పడింది. పూలు, దోసె, ఆటో, బిడ్డ. నిజమే, సరోజమ్మ ముందు అట్లాగే వరస పెట్టి చెప్పింది తను.

"ధర్మవరంలో నర్సింగులో సీటు వచ్చేటట్టుండాది. హాస్టలు ఉండాది. ఆడ చేరతా," అంది ప్రశాంతి. "నాకు ఈడ ఏం ఎక్కడుందో తెలీదు మా. ఎవరింట్లోనో ఉన్నట్టుండాది."

మధ్యాహ్నం బస్సుకే గుడిబండ వెళ్లిపోయింది. బ్యాగు సర్దుకునే పని కూడా లేకపోయింది.

సాయంత్రం గోపాల్ వచ్చేసరికి ధనలక్ష్మి ఆకుపచ్చ గదిలో నేల మీద కూర్చుని ఉంది. సామాన్లు లేని ఇల్లు, వెక్కి ఏడిస్తే నాలుగు గోడలూ అదే తిప్పి వినిపిస్తున్నాయి. ఇంత ఇంటికి ఇద్దరే మనుషులు. సంగతంతా విని గోపాల్ ఆమె పక్కనే కూలబడ్డాడు.

"నేనూ తోడు దొంగనేలే," అన్నాడు. "నువ్వు డబ్బాలో వేస్తాంటే వద్దని ఒక్క దినమన్నా అన్యానా? రేపు డ్యూటీ మానుకొని ఇద్దరమూ పోదాం."

"నువ్వు ఆదివారం రా. ముందు నేను పోవల్ల," అంది ధనలక్ష్మి.

మరునాడు నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. మడకశిరలో బస్సు మారి గుడిబండలో దిగేసరికి ఎండ ముదిరింది. కదిరమ్మ అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. కూతురిని చూసి లేవలేదు, నవ్వలేదు.

"ఏమే, దోవ తప్పి వస్తివా? ఈ పొద్దు ఆదివారం కూడా కాదే!"

"తిట్టు మా. పడతా," అంది ధనలక్ష్మి.

"తిట్టి ఏం లాభం? పాప చేను కాడికి పోయిండాది. సంగటి కెలికిపెట్టు పో, వచ్చేసరికి ఆకలంటాది."

వంటింట్లోకి పోయి ధనలక్ష్మి నిలబడిపోయింది. పుట్టిన ఇల్లే, కానీ ఉప్పు ఎక్కడుందో తెలియదు. రాగిపిండి డబ్బా ఏదో తెలియదు. ప్రశాంతి చేతికి అందే ఎత్తులో, ప్రశాంతి వాడుకకు వీలుగా సర్దిన వంటిల్లు అది. తన ఇంట్లో బిడ్డకు మూడు రోజులు ఎట్లా గడిచాయో ఆ తల్లికి అప్పుడు అర్థమైంది.

ప్రశాంతి వచ్చి, గుమ్మంలో తల్లి చెప్పులు చూసి ఆగింది. లోపలికొచ్చి, అమ్మ వచ్చినప్పుడల్లా అడిగే మాటే అడిగింది. "ఎన్ని గంటల బస్సుకు పోతావు?"

"పోను. వారం ఉంటా."

"జీతం కోస్తారు."

"కోసుకోనీ."

ప్రశాంతి పై అరలోంచి ఉప్పు జాడీ తీసి తల్లి పక్కన పెట్టి, తలస్నానానికి వెళ్లిపోయింది.

భోజనాలయ్యాక ప్రశాంతి అరుగు మీద కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటుంటే ధనలక్ష్మి దువ్వెన పట్టుకుని వెనక చేరింది. అడగడానికి భయమేసింది. అయినా అడిగింది. "చిక్కు తీయనా పాపా?"

 ఆ పిల్ల కొంచెం వెనక్కి జరిగింది.

ధనలక్ష్మి నడినెత్తిన దువ్వెన పెట్టి కిందికి లాగింది. భుజాల దగ్గరికి రాగానే చేయి దానంతటదే ఆగి, మళ్లీ పైకి లేచింది. తొమ్మిదేళ్ల పిల్ల జుట్టు అంతవరకే ఉండేది. చేతికి అంతే తెలుసు. కానీ జుట్టు అయిపోలేదు. వీపు దాటి, నడుము దాటి అరుగు మీద పడి ఉంది. ఆ మిగిలిన జుట్టు పెరిగిన ఏడాదులన్నీ తను చూడలేదు. ఆ ఆదివారాలను ఇప్పుడు ఏ బ్యాంకూ తిరిగి ఇవ్వదు. ధనలక్ష్మి దువ్వెన వదిలేసి, ఆ జుట్టును రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"తప్పు చేసినానమ్మా. నీ కోసమని చెప్పి నిన్నే మానుకుంటి."

ప్రశాంతి తల తిప్పలేదు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. ముక్కు ఎగబీల్చి, "సీటు ఇంకా ఖాయం కాలేదులే," అంది. "కాలేజీలు తెరిచేదానికి మూడు వారాలుండాది. ప్రతి ఆదివారం నాయనా నువ్వూ ఇద్దరూ ఈడికి రండి. రాకపోతే మాత్రం నేను ధర్మవరం పోతా."

"వస్తాం పాపా. వానొచ్చినా వస్తాం."

"ఇప్పుడు జడ వెయ్యి. కింద దాకా వెయ్యి," అంది ప్రశాంతి.

ధనలక్ష్మి కళ్లు తుడుచుకుని మూడు పాయలు తీసింది. ఇంత పొడుగు జడ ఆమె ఎప్పుడూ వేయలేదు. సగంలోనే చేతులు నొప్పి పుట్టాయి. అయినా తొందరపడకుండా చివరి వరకూ అల్లుతూనే ఉంది.