తిరగేసిన చెక్కలు

"ఆగండి! కాలు పెట్టకండి!"

అరుపుతో పాటే ఎవరో ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. చేతిలో కప్పు ఎగిరి, కాఫీ అరిచిన మనిషి చొక్కా మీదే ఒలికింది.

"ఏంటండీ ఇది? మా ఇంట్లో నన్ను లాగుతారా?" అంది పళ్ళ డాక్టర్.

ఇంటి ముందు చెక్క అరుగు ఒకటి రెండు చోట్ల ఊగుతోందని వడ్రంగిని పిలిపించింది తనే. అతను చొక్కా కూడా దులుపుకోకుండా వంగి, కింద ఉన్న దూలంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చాడు. పండిన అరటిపండులోకి దిగినట్టు పిడి దాకా దిగింది.

"మీ భాషలో చెప్పాలంటే, పైన పన్ను తెల్లగానే ఉంది. కింద చిగుళ్ళే పోయాయి."

ఆమెకి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. "అయితే పీకాలా?"

"దూలాలు మార్చాలి. పై చెక్కలు మాత్రం చేవ ఉన్నవి. ఇరుకు సందుల్లో ఆకులు చేరి నీళ్ళు నిలిచిపోయాయి. దానికి తోడు ఎవరో మహానుభావులు పైన దట్టంగా వార్నిష్ పూశారు. అది పగిలి లోపలికి దిగిన తేమ ఆరే దారి లేదు."

"ఆ మహానుభావురాలు నేనే," అందామె.

అతను దగ్గాడు.

అంతలో తలుపు దగ్గర నుంచి డాక్టర్ వాళ్ళమ్మ గొంతు వినబడింది. "ఎవరూ ఒక్క మేకు కూడా పీకడానికి వీల్లేదు. ఆయన స్వయంగా వేసిన చెక్కలవి."

నాన్న పోయి మూడేళ్ళయింది. ఆవిడ రోజూ సాయంత్రం ఆ అరుగు మీదే కూర్చుంటుంది. కూతురు బతిమాలింది, అలిగింది, చివరికి భయపెట్టింది కూడా. ఆవిడ 'సరే' అనలేదు, 'వద్దు' అనడం మాత్రం మానేసింది. కూతురితో మాట్లాడటమూ మానేసింది.

దూలాల విషయంలో డాక్టర్ పట్టు పట్టింది. "అడవిని బోడి చేసి తెచ్చిన కలప మా ఇంట్లోకి రాకూడదు."

"కొట్టిన చెట్టుకి బదులు చెట్టు నాటే తోటలో కొంటాను. దుంగ మీద ఆ తోట ముద్ర కూడా ఉంటుంది."

"ముద్ర ఎవరైనా కొట్టుకోవచ్చు."

"నాకూ అదే అనుమానం వచ్చి వెళ్ళి చూసొచ్చాను. మోడుల పక్కన నా మోకాలెత్తు మొక్కలున్నాయి."

"కొలిచారా?"

"టేపు లేకుండా నేనెక్కడికీ వెళ్ళనండీ."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. అతను అవసరం కంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

పని మొదలయ్యాక ఆ నవ్వులు నిలవలేదు. చెక్కలు ఒక్కొక్కటే ఊడి గోడ పక్కకి చేరుతుంటే అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయేది. నాలుగో రోజు మధ్యాహ్నం, మబ్బులు కమ్ముతుండగా డాక్టర్ అతని ముందు నిలబడింది.

"అమ్మ అన్నం తినడం లేదు. మిగిలిన పాత దూలాల మీదే చెక్కలు బిగించేసి వెళ్ళిపోండి."

"బిగించను."

"ఇల్లు మాది!"

"అమ్మగారు రోజూ కూర్చునేది అక్కడేగా. తెలిసి తెలిసి నేనా పని చెయ్యలేను. కోపం వస్తే వేరేవాళ్ళని పిలుచుకోండి." గొంతు పెంచకుండా అన్నాడు. సామాన్లు సర్దుకుని వ్యాన్ వైపు నడిచాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో మరేదో ఆమెకే తెలియలేదు.

వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ హోరులో ఫెళ్ళుమని ఏదో విరిగిన చప్పుడు.

"అమ్మా!"

చెక్కలు తడుస్తున్నాయని టార్పాలిన్ కప్పడానికి వెళ్ళింది ఆవిడ, ఇంకా మార్చని దూలాల మీదుగా. ఒక దూలం విరిగి, ఆవిడ నడుము దాకా కిందకి దిగిపోయింది. మోచేతులతో పక్క దూలాన్ని పట్టుకుని వేలాడుతోంది. అదీ కిర్రుమంటోంది.

వ్యాన్ దగ్గర నుంచి అతను పరుగున వచ్చి, బురదలో పాక్కుంటూ అరుగు కిందకి దూరాడు. ఆవిడ పాదాలు తన భుజాల మీద ఆనించుకున్నాడు.

"డాక్టర్ గారూ, కొత్త దూలం మీద నిలబడండి! చంకల కింద పట్టుకుని లాగండి. అమ్మా, ముందు ఆ టార్పాలిన్ వదలండి!"

"చెక్కలు తడుస్తాయయ్యా!"

"తడవనివ్వండి! అవి చేవ ఉన్నవి, వానకి ఏమీ కావు. విరిగితే అతకనిది మీ ఎముకే!"

ఆవిడ వదిలింది. కూతురు శక్తంతా కూడదీసుకుని లాగింది. ఇద్దరూ గుమ్మంలో పడ్డ మరుక్షణం పాత దూలం కుప్పకూలింది, అతని భుజాన్ని గీరుకుంటూ.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇన్ని రోజులుగా ఆగిపోయిన మాటలన్నీ ఆ ఏడుపులోనే అయిపోయాయి.

డాక్టర్ అతని భుజానికి కట్టు కడుతుంటే ఆమె వేళ్ళు వణికాయి. "పళ్ళు పీకే చేతులు ఇలా వణికితే ఎలాగండీ?" అన్నాడు. "నోరు ముయ్యండి," అంది. తల మాత్రం ఎత్తలేదు.

అమ్మ మెల్లగా అడిగింది. "ఆ చెక్కలు నిజంగా ఏమీ కావా, బాబూ?"

అతను ఒక చెక్క తెచ్చి తిరగేశాడు. ఎండ చూడని వైపు జానెడు మేర చిత్రిక పట్టాడు. మట్టిరంగు కింద నుంచి ఎర్రటి నిగనిగ బయటపడింది. ఆవిడ చాలాసేపు దాన్ని నిమిరింది.

"ఇవే పెడతావా?"

"ఇవే. ఇటు తిప్పి, సందులు వెడల్పుగా వదిలి."

"పెట్టు," అందావిడ.

ఎండ కాసి, చెక్కలు పూర్తిగా ఆరి, కొత్త దూలాల మీద బిగించాక, వార్నిష్‌కి బదులు నూనె పట్టించే రోజొచ్చింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో రుద్దుతున్నాడు. డాక్టర్ వచ్చి పక్కన నిలబడింది.

"ఈ చెక్కకి పొద్దున్నే రాశారుగా?"

"రాశాను."

"మరి మళ్ళీ ఎందుకు?"

అతను తలెత్తలేదు. "పని అయిపోతే వెళ్ళిపోవాలిగా."

 ఆమె ఇంకో గుడ్డ తీసుకుని, నూనెలో ముంచి, అతని పక్కనే కూర్చుని అదే చెక్కని రుద్దడం మొదలుపెట్టింది. అతని చెయ్యి ఆగిపోయింది.

గుమ్మంలో అమ్మ గొంతు సవరించుకుంది.

"బాబూ, ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకురా. ఇక్కడే కూర్చుని మాట్లాడుకుంటాం. అందర్నీ మోస్తుందిగా ఇది?"

"మోస్తుందమ్మా," అన్నాడు.

"అమ్మా!" అంది డాక్టర్ సిగ్గుతో. చేతిలో గుడ్డ మాత్రం వదల్లేదు.