చివరి గుంజ దగ్గరి కంపు

మా తాతగారు పడవలు చెక్కేవారు. వరదలో చిక్కుకున్నవారి కోసం ఒక పడవను ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. ఆ పడవలో ఎవరు వచ్చినా ముందు పొడిబట్ట, తరువాతే ప్రశ్న అనేది మా నాయనమ్మ. మా నాన్నగారు ఈ రేవుకు కావలి. ఇక్కడి గట్టుకు మొదట కరెంటు తెప్పించినదీ, రాత్రివేళ వచ్చేవారికి దారి కనబడాలని చివరి గుంజ మీద దీపం పెట్టించినదీ ఆయనే. ఒక గాలివానలో ఎవరిదో పడవను కట్టబోయి, ఆ గుంజ దగ్గరే నీటిలో పడి కన్నుమూశారు.

అటువంటి మనిషిని దెయ్యాన్ని చేశారు ఈ రేవు జనం.

చివరి గుంజకు పడవ కట్టకూడదట. కడితే, చీకటి పడ్డాక ఆయన వస్తాడట... ముందుగా కుళ్ళిన గుడ్ల కంపు వస్తుందట. పడవ అంచు ఇనుప కమ్మీ మీద చెయ్యి వేస్తే ఎవరో పట్టి గుంజుతారట. తెల్లవారేసరికి బ్యాటరీలు చచ్చి ఉంటాయట — వాటి ప్రాణం కూడా పీల్చేస్తాడట!

"ముసలాయన ఉండేది నీళ్ళలోనే గానీ స్నానం మాత్రం చెయ్యడమ్మా!" అని డీజిలు అమ్మేవాడు నా ముఖం మీదే పళ్ళికిలించాడు.

రెండు పూటలా స్నానం చేసి, ఉతికిన బట్ట తప్ప కట్టని మనిషి మా నాన్నగారు. మాటలోనూ అంతే శుభ్రం. నీటి మీద బతికేవాడు వాక్యాన్ని సగంలో వదలకూడదనేవారు. కర్త లేకపోయినా సర్దుకోవచ్చు, కర్మ లేకపోతే మునుగుతాం అనేవారు. "తీయి" అన్న మాటను గట్టు మీద వాడనిచ్చేవారే కారు. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, దీపం తీస్తే ఆరిపోతుంది. ఏది ఎవరికి ఎలా అర్థమవుతుందో! "తెరువుము అనండి, ఆపుము అనండి" అని పడవవాళ్ళను సతాయించేవారు. వాళ్ళు చాటున నవ్వుకునేవారు.

ఇక జరిగినది చెబుతాను. మా చెల్లెలి కూతురు నాకు చెప్పినది చెప్పినట్లే.

అమ్మాయి భర్త పడవ నడిపే సరంగు. ఉన్నది ఒక్క పడవ. సరుకు మోసేదీ అదే, కాపురం ఉండేదీ అందులోనే. ఆ సాయంత్రం రేవులో మరెక్కడా చోటు దొరకక చివరి గుంజకే కట్టారు. గట్టు మీది కరెంటు స్తంభానికి వేలాడుతున్న లావుపాటి తీగను లాగి, ఒడ్డు కరెంటును పడవకు తగిలించారు. అతడు పడుకునే బల్ల కిందే బ్యాటరీల పెట్టె. దానిని నేను ఒకసారి చూశాను — మళ్ళీ చూడను. తీగలు బిగించినచోట పచ్చగా, తెల్లగా పొక్కులు. మూత చుట్టూ జిగట. ఆ జిగటలో అతుక్కుపోయిన బొద్దింక. బ్యాటరీలలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో ఆ బొద్దింకకే తెలియాలి.

ఛార్జరు పెట్టి, ఒళ్ళు కాలిపోతుంటే సరంగు బల్ల మీద వాలాడు. అమ్మాయి మందుల కొట్టుకు బయలుదేరింది. అతడు కళ్ళు మూసుకునే అన్నాడు:

"ఏమేవ్, వెళ్ళేటప్పుడు తీసి వెళ్ళు."

ఏమిటి తీసేది? కర్మ లేదు. అమ్మాయి తనకు తోచినది తీసింది. చలిగాలి తగలకుండా తలుపు వేసి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి బాగా చీకటి పడింది. గట్టు మీద నరమానవుడు లేడు. నీటి మీద నూనె తెట్టు... అందులో పొట్ట పైకి తేలిన చేప...

ముందు కంపు వచ్చింది.

బుట్టెడు కుళ్ళిన గుడ్లు ఒక్కసారి పగిలినట్లు. కొంగు అడ్డం పెట్టుకున్నా గొంతులోకి దిగింది. డోకు వచ్చింది. తమాయించుకుని, పడవ ఎక్కబోతూ కమ్మీ పట్టుకుంది —

ఎవరో చెయ్యి పట్టి లాగారు!

మోచేతి దాకా జివ్వుమంది. విదిలించుకుని వెల్లకిలా గట్టు మీద పడింది.

"ఏమండీ..."

లేచి, గట్టు మీదనుంచే కిటికీ అద్దంలోకి తొంగి చూసింది.

"ఏమండీ, మిమ్మల్నే! పరాచికాలాడకండి, నాకు భయమేస్తోంది..."

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకటిలో జ్వరంతో భర్త. దెయ్యం వెలుతురుకు జడుస్తుందని విన్న మాట గుర్తుకు వచ్చింది. సంచిలో అగ్గిపెట్టె తడుముకుంది. పుల్ల పట్టుకుంది. గీయబోయింది...

అప్పుడు, చెవి పక్కనే, మెల్లగా —

"పుల్లను పారవేయుము... స్తంభము మీది మీటను దింపుము... ఆ పిమ్మట తలుపును తెరువుము."

అమ్మాయి పుల్ల పారవేసింది. మీటను దింపింది. కమ్మీని ముట్టుకుంటే ఈసారి ఏమీ కాలేదు. తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి, భర్తను చంకల కింద చేతులు వేసి గట్టు మీదికి ఈడ్చింది. అతడు కక్కుకుని, దగ్గి, చివరకు కళ్ళు తెరిచాడు.

"తీశావా?" అన్నాడు.

"తీశానుగా, ఫ్యాను! మోతకు నిద్ర పట్టడం లేదనుకున్నాను."

"ఫ్యానా? నీ తెలివి తెల్లారినట్లే ఉంది! పెట్టె మూత తీయమంటేనూ!"

తెల్లవారి కరెంటు మిస్త్రీ వచ్చి చూశాడు. ఆ స్తంభంలో కరెంటు హెచ్చుగా వస్తోంది. నీళ్ళెండిన బ్యాటరీలు దానికి ఉడికి, ఆ విషపు కంపు కక్కాయి. తలుపు మూసి, గాలిని బయటికి లాగే ఫ్యాను ఆపేసరికి అంతా గదిలోనే నిండింది. పుల్ల గీసి ఉంటే పడవ పేలిపోయేదే. రేవు తీగ గుంజకు ఒరుసుకుని తోలూడింది. అందుకే కమ్మీకి కరెంటు పారింది. ఆ గుంజకు కట్టిన ప్రతి పడవకూ అదే తీగ, అదే స్తంభం.

ఛీ! వీళ్ళ మురికిని, వీళ్ళ బద్ధకాన్ని ఇన్నేళ్ళూ మా నాన్నగారి ఒంటికి పూశారు.

అమ్మాయి భర్తతో అన్నదట: "అయినా లోపలినుంచి భలే చెప్పారండీ, పుల్ల పారెయ్యమని."

"నేనా? నాకు ఒంటి మీద తెలివే లేదు. ఏం చెప్పాను?"

చెప్పింది.

"దింపుమా? అలా నేనెప్పుడు మాట్లాడానే?"

అమ్మాయి పుట్టకముందే మా నాన్నగారు పోయారు. ఆయన గొంతు అది ఎరగదు. నేను ఒక్కటే అడిగాను.

"మీట అన్నారా... మీటను అన్నారా?"

"మీటను, పెద్దమ్మా."

మరునాడు నాన్నగారి టార్చిలైటును అమ్మాయికి ఇచ్చాను. బ్యాటరీలలో పోసే నీళ్ళ డబ్బాను కొనిచ్చాను. సరంగును ఎదురుగా కూర్చోబెట్టి ద్వితీయా విభక్తిని నేర్పాను. నేను ఇచ్చినది అంతే.